10 కంప్యూటర్లు, 40 మంది పిల్లలు: ఉన్నత పాఠశాలలో కోడింగ్ ఎలా నేర్పాలి

6 నుంచి 8 తరగతుల దశలోనే పిల్లలకు కోడింగ్ పరిచయం చేయాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది. మరుసటి ఏడాది సీబీఎస్ఈ ఆ తరగతులకు కోడింగ్‌ను నైపుణ్య పాఠ్యాంశంగా ప్రవేశపెట్టింది. విధానపత్రాల్లో ఏమున్నా, జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఈ పని చివరకు లెక్కల మాస్టారికో, భౌతికశాస్త్రం టీచరుకో వచ్చి పడుతుంది; వారిలో చాలామంది కంప్యూటర్ సైన్స్ చదివినవారు కారు. ఈ వ్యాసం వారి కోసం. మీ ల్యాబ్‌లో పనిచేసే కంప్యూటర్లు పది వరకు ఉన్నాయని, సెక్షన్‌లో నలభై మంది ఉన్నారని, వారానికి ఒక పీరియడ్ దొరుకుతుందని, ఇంటర్నెట్ మీద ఆధారపడలేమని అనుకుని రాస్తున్నాను.

కింద చెప్పిన పనులన్నింటికీ ఆధారం ఒకే నియమం: ఏ ప్రోగ్రాంనైనా నడిపే ముందు అది ఏమి చేస్తుందో విద్యార్థి ఊహించి, ఆ ఊహను నోటుబుక్కులో రాయాలి. ఊహ రాయకుండా బటన్ నొక్కిన పిల్లవాడికి తెర మీద ఏది వచ్చినా సరిగానే ఉన్నట్టు కనిపిస్తుంది. ‘చతురస్రం వస్తుంది’ అని రాసి నొక్కినవాడికి మాత్రం చతురస్రం రాకపోతే ఎందుకు రాలేదో తెలుసుకోవాలన్న పట్టుదల పుడుతుంది. కోడింగ్ చదువు మొదలయ్యేది ఆ పట్టుదల దగ్గరే అని నా నమ్మకం. అందుకే కంప్యూటర్లు తక్కువగా ఉండటం మీరు భయపడినంత పెద్ద అడ్డంకి కాదు. ఊహించడానికి నోటుబుక్కు చాలు.

ముందుగా ల్యాబ్

బడి తెరవగానే ఒక మధ్యాహ్నం ల్యాబ్‌లో కూర్చుని, ఏ కంప్యూటర్ ఆన్ అవుతుందో, ఏ మౌస్ కదులుతుందో, కరెంటు పోతే యూపీఎస్ ఎంతసేపు నిలుస్తుందో చూసి రాసుకోండి. స్క్రాచ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను ఇంటర్నెట్ ఉన్న చోట పెన్‌డ్రైవ్‌లోకి దించుకుని, దాన్ని వైరస్ తనిఖీ చేసి, అన్ని కంప్యూటర్లలోనూ ఎక్కించండి. అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబ్ 2007లో విడుదల చేసిన ఈ సాఫ్ట్‌వేర్‌లో ఆదేశాలను టైపు చేయనక్కరలేదు, రంగురంగుల దిమ్మెల్ని లాగి ఒకదానికొకటి అతికిస్తే చాలు. కొత్త వెర్షన్‌కు ఇంటర్నెట్ లేకుండా నడిచే రూపం కూడా ఉంది. మీ కంప్యూటర్లు బాగా పాతవై అది నడవకపోతే 1.4 వెర్షన్ ప్రయత్నించండి. అది చాలా తక్కువ మెమరీతోనే నడుస్తుంది. ప్రతి కంప్యూటర్‌లోనూ తరగతి, సెక్షన్, రోల్ నంబర్ల పేరుతో ఫోల్డర్లు ఇప్పుడే చేసి ఉంచండి. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది కానీ, పోయిన వారం చేసింది ఈ వారం దొరకని పిల్లలు ప్రతిసారీ మొదటి నుంచి మొదలుపెట్టి విసిగిపోతారు.

మొదటి ఆరు వారాలు: ల్యాబ్ తలుపు తెరవవద్దు

కంప్యూటర్ లేకుండా కంప్యూటర్ సైన్స్ నేర్పే పద్ధతిని న్యూజిలాండ్‌లోని కాంటర్‌బరీ విశ్వవిద్యాలయానికి చెందిన టిమ్ బెల్, ఆయన సహచరులు ఎన్నో ఏళ్లుగా పెంచి ప్రపంచానికి ఇచ్చారు. అందులోని ఆటలను మన వరండాలో సుద్దముక్కతోనే ఆడించవచ్చు. నేల మీద ఆరు గళ్ల వెడల్పు, ఆరు గళ్ల పొడవు ఉన్న పట్టిక గీయండి. ఒక విద్యార్థి రోబో. ఆ రోబోకు మూడే మూడు ఆదేశాలు తెలుసు: ఒక గడి ముందుకు, కుడికి తిరుగు, ఎడమకు తిరుగు. ఒక గడిలో పుస్తకం పెట్టి, రోబోను అక్కడికి చేర్చే ఆదేశాలను మిగతావారు ముందే కాగితం మీద రాయాలి. రాయడం పూర్తయ్యేదాకా రోబో కదలకూడదు, మధ్యలో ఎవరూ దారి చెప్పకూడదు.

రెండు తప్పులు దాదాపు ప్రతి తరగతిలోనూ వస్తాయి. ‘కుడికి తిరుగు’ అంటే కుడివైపు గడిలోకి వెళ్లడమని కొందరు అనుకుంటారు; నిలబడ్డ చోటే దిక్కు మార్చుకోవడం వేరు, నడవడం వేరు అని వారికి అప్పుడే తెలుస్తుంది. రోబో తమకు ఎదురుగా తిరిగి ఉన్నప్పుడు చాలామంది తమ కుడిచేతిని చూసి ‘కుడి’ అని రాస్తారు. మీరు సరిదిద్దకండి. రోబో తప్పు గడిలోకి వెళ్లనివ్వండి, తర్వాత తప్పు రాసిన విద్యార్థినే లేపి రోబో స్థానంలో నిలబెట్టండి. 1967లో పిల్లల కోసం లోగో అనే భాషను రూపొందించినవారిలో ఒకరైన సీమోర్ పాపర్ట్ ఈ సంగతినే గట్టిగా చెప్పేవారు: లోగోలో ఆదేశాల ప్రకారం గీతలు గీసే తెర మీది తాబేలు ఎటు తిరగాలో తెలియనప్పుడు, పిల్లవాడు తానే తాబేలై నడిచి చూస్తే దారి తెలుస్తుంది.

ఒక పీరియడ్‌ను బైనరీ సంఖ్యలకు, అంటే 0, 1 అంకెలతో మాత్రమే రాసే సంఖ్యలకు, ఇవ్వండి. ఐదు అట్టముక్కల మీద వరసగా 16, 8, 4, 2, 1 చుక్కలు పెట్టి ఐదుగురికి ఇవ్వండి. అట్ట చూపిస్తే 1, తిప్పేస్తే 0. ఐదు అట్టలతో 0 నుంచి 31 వరకు ఏ సంఖ్యనైనా చూపవచ్చు కాబట్టి, ప్రతి విద్యార్థీ తన పుట్టిన తేదీని బైనరీలో రాయగలుగుతాడు. ఇంకో పీరియడ్‌లో 1 నుంచి 100 లోపు మీరు మనసులో అనుకున్న సంఖ్యను పిల్లల చేత కనిపెట్టించండి. ‘ఎక్కువ’, ‘తక్కువ’ అని మాత్రమే మీరు చెప్పాలి. ప్రతిసారీ మిగిలినవాటిని సగం చేస్తూ పోతే ఏడు ప్రశ్నలకు మించి అవసరం రాదని వారే తేల్చుకోవాలి. వెయ్యి సంఖ్యలైతే ఎన్ని ప్రశ్నలు కావాలో అడిగి, ముందు ఊహ రాయించండి. చాలామంది 70 అని రాస్తారు. జవాబు 10.

ఈ ఆరు వారాల్లో చివరిది ముగ్గుల పీరియడ్. ‘7 చుక్కలు, సందుచుక్క 4 వరకు’ అన్న మాట చదివి ముగ్గు పెట్టగలిగినవారు ప్రతి తరగతిలోనూ ఉంటారు. మధ్య వరసలో 7 చుక్కలు, దానికి పైనా కిందా సందుల్లో పడేలా 6, 5, 4 చుక్కల వరసలు వస్తాయి. ఆ చిన్న వాక్యం నిజానికి ఒక ప్రోగ్రాం. ఎన్ని వరసలు, ఏ వరసలో ఎన్ని, ఎక్కడ ఆపాలి అన్నవన్నీ అందులో ఉన్నాయి. బోర్డు మీద పిల్లల చేత పెట్టించి, మొత్తం ఎన్ని చుక్కలో లెక్కించమనండి. 4, 5, 6, 7, 6, 5, 4 కలిపితే 37. ఆ సంఖ్యను నోటుబుక్కులో దాచుకోమనండి, ల్యాబ్‌లో అవసరం పడుతుంది.

ల్యాబ్‌లో ఎవరు ఎక్కడ కూర్చోవాలి

నలభై మందిని పది కంప్యూటర్ల ముందు నలుగురేసి కూర్చోబెడితే ఒకరు పనిచేస్తారు, ముగ్గురు చూస్తారు. దానికి బదులు ఇరవై మందిని ఇద్దరేసి కంప్యూటర్ల దగ్గర కూర్చోబెట్టి, మిగతా ఇరవై మందికి అదే గదిలో కాగితం పని ఇవ్వండి; పీరియడ్ సగంలో స్థానాలు మార్చండి. కాగితం పని అంటే కాలక్షేపం కాదు: ఆ రోజు ప్రోగ్రాంను బోర్డు మీద చూసి, ఏమవుతుందో గళ్ల కాగితం మీద గీయడం. అందువల్ల రెండో జట్టు కంప్యూటర్ దగ్గరికి వచ్చేసరికి వారి ఊహ సిద్ధంగా ఉంటుంది.

ఇద్దరిలో ఒకరి చేతిలో మౌస్, మరొకరి చేతిలో నోటుబుక్కు ఉండాలి. నోటుబుక్కు పట్టుకున్నవారు చెప్పాలి, మౌస్ పట్టుకున్నవారు చేయాలి. ఏడెనిమిది నిమిషాలకోసారి మీరు గంట కొట్టగానే చేతులు మారాలి. ఈ మార్పును మీరు గట్టిగా పట్టించుకోకపోతే ఇంట్లో కంప్యూటర్ ఉన్నవారి చేతిలోనే మౌస్ ఉండిపోతుంది. అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసి కూర్చున్న చోట చాలాసార్లు అమ్మాయి చేతికి నోటుబుక్కే మిగులుతుంది, ఇది నేను తేలిగ్గా తీసుకోలేని విషయం. మౌస్ ఎవరి దగ్గర ఎంతసేపు ఉందో మీరే గమనించండి. మీరు మాత్రం పిల్లల మౌస్‌ను ముట్టుకోకండి. ఉపాధ్యాయుడు వంగి రెండు క్లిక్కులతో సరిచేసిన ప్రోగ్రాం పనిచేస్తుంది గానీ, అది ఎందుకు పనిచేసిందో ఆ ఇద్దరికీ తెలియదు.

స్క్రాచ్: చదవడం ముందు, రాయడం తర్వాత

అక్షరాలు దిద్దకముందే వ్యాసం రాయమనం. కోడింగ్‌లో మాత్రం మొదటి రోజే ‘మీకు నచ్చిన గేమ్ చేయండి’ అని వదిలేయడం చాలా చోట్ల కనిపిస్తుంది. బ్రిటన్‌లో కంప్యూటింగ్ బోధనపై పరిశోధించిన స్యూ సెంటెన్స్, ఆమె సహచరులు ఐదు మెట్ల క్రమాన్ని సూచించారు: ఊహించడం, నడిపి చూడడం, పరిశీలించడం, మార్చడం, చివరగా సొంతంగా తయారుచేయడం. ప్రతి కొత్త అంశానికీ ఈ క్రమాన్నే పాటించండి. ఆంధ్రప్రదేశ్‌లో నాడు-నేడు పథకం కింద ఏర్పాటైన ఐఎఫ్‌పీ (తాకితే పనిచేసే పెద్ద డిజిటల్) తెర మీ బడిలో ఉంటే ప్రోగ్రాంను దాని మీద చూపండి, లేకపోతే బోర్డు మీద రాయండి.

మొదటి ప్రోగ్రాం నాలుగు దిమ్మెలకు మించకూడదు. పెన్ను కింద పెట్టు. ఈ రెంటినీ నాలుగుసార్లు చేయి: 100 అడుగులు ముందుకు, 90 డిగ్రీలు కుడికి తిరుగు. (ఇక్కడ అడుగు అంటే స్క్రాచ్ తెర మీది చిన్న కొలత.) ఊహ రాసి నడిపిన తర్వాత, దీన్ని సమబాహు త్రిభుజంగా మార్చమనండి. మూడుసార్లు, 60 డిగ్రీలు అని దాదాపు అందరూ రాస్తారు, ఎందుకంటే ఆ త్రిభుజంలో ప్రతి కోణం 60 డిగ్రీలని లెక్కల్లో చదివారు. తెర మీద మాత్రం మూసుకోని ఒక గీత, సగం షడ్భుజిలా, వస్తుంది. అప్పుడు ఒకరిని లేపి నేల మీద త్రిభుజం వెంట నడిపించండి. మూల దగ్గర అతడు ఎంత తిరుగుతున్నాడో తరగతి అంతా చూస్తుంది: తిరగాల్సింది 120 డిగ్రీలు, అంటే బాహ్యకోణం. లెక్కల పీరియడ్‌లో పట్టుబడని బాహ్యకోణం ఇక్కడ పట్టుబడుతుంది. కాబట్టి ఈ రోజు తొందరపడకండి, పీరియడ్ మొత్తం దీనికే పోయినా నష్టం లేదు.

రిపీట్ (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించేది), ఇఫ్ (షరతు నిజమైతేనే చేయించేది), వేరియబుల్ (మారే విలువను దాచుకునే పేరు) పరిచయమయ్యాక ముగ్గును బయటికి తీయండి. స్క్రాచ్‌లో వేరియబుల్‌కు తెలుగులోనే పేరు పెట్టవచ్చు. ‘చుక్కలు’ అని పెట్టించండి. స్క్రాచ్ వేదిక, అంటే తెర మీద బొమ్మ గీసే చోటు, 480 అడుగుల వెడల్పు, 360 అడుగుల ఎత్తు ఉంటుంది, సున్నా సరిగ్గా మధ్యలో ఉంటుంది. చుక్కకూ చుక్కకూ 40 అడుగుల ఎడం తీసుకోండి. నాలుగు చుక్కల వరస -60 దగ్గర, ఐదు చుక్కలది -80 దగ్గర, ఆరు చుక్కలది -100 దగ్గర మొదలవ్వాలి. ఈ మూడు సంఖ్యలూ బోర్డు మీద రాసి సూత్రం పిల్లల్నే కనిపెట్టమనండి: చుక్కలలోంచి 1 తీసేసి -20తో హెచ్చించాలి.

ప్రోగ్రాం రెండు భాగాలు. మొదటిది చుక్కలను 4తో, ఎత్తును 120తో మొదలుపెట్టి నాలుగు వరసలు గీస్తుంది. ఒక్కో వరస తర్వాత చుక్కలకు 1 కలుపుతుంది, ఎత్తులోంచి 40 తీసేస్తుంది. రెండోది తగ్గే మూడు వరసలు గీస్తుంది, వరస వరసకూ చుక్కలలోంచి 1 తీసేస్తుంది. ఇక్కడే అసలు పాఠం ఉంది. ఏడు చుక్కల వరస పూర్తయ్యాక కూడా ప్రోగ్రాం 1 కలుపుతుంది కాబట్టి, రెండో భాగం మొదలయ్యేసరికి వేరియబుల్‌లో ఉన్నది 7 కాదు, 8. అది గమనించని జంటకు మధ్యలో 8, 7, 6 చుక్కల వరసలు వచ్చి మొత్తం 43 అవుతాయి. ‘ఒకటి ఎక్కువైంది’ అని 1 మాత్రమే తగ్గించిన జంటకు 7, 6, 5 వచ్చి 40 అవుతాయి. 2 తగ్గించినవారికే 37 వస్తాయి. అందుకే ముందే లెక్కపెట్టి రాసుకోమన్నది. మీరు గదిలో తిరుగుతూ ఒక్కో జంటను ‘మొత్తం ఎన్ని?’ అని అడిగితే చాలు. 43 అన్నారా, 40 అన్నారా అన్నదాన్ని బట్టి తప్పు ఎక్కడుందో మీకు తెలుస్తుంది, వారికి చెప్పనక్కరలేదు.

తప్పు వెతికేటప్పుడు మూడు ప్రశ్నలే వాడండి. ఏమి జరగాలనుకున్నావు? ఏమి జరిగింది? ఎక్కడి దాకా సరిగా ఉంది? ఈ మూడింటికీ జవాబు రాయకుండా ఎవరూ మిమ్మల్ని పిలవకూడదని నియమం పెట్టండి. ప్రోగ్రాం కంటికి ఆనకుండా పరుగెడితే మధ్యలో ఒక సెకను ఆగే దిమ్మె పెట్టి, వేరియబుల్ విలువ తెర మీద కనిపించేలా చేసి, ఒక్కో మార్పునూ నోటుబుక్కులో పట్టికగా రాయించండి.

పైథాన్‌కు ఎప్పుడు మారాలి

పైథాన్ దిమ్మెలు లేకుండా ఆదేశాలను టైపు చేసి రాసే ప్రోగ్రామింగ్ భాష. దానికి మారాల్సిన సమయాన్ని తరగతి సంఖ్యను బట్టి నిర్ణయించకండి. వేరియబుల్, రిపీట్, ఇఫ్ మూడూ ఉన్న ప్రోగ్రాంను ఎవరి సాయం లేకుండా రాసి, వివరించగలిగిన పిల్లలు తరగతిలో సగానికి పైగా ఉన్నప్పుడు మారండి. మామూలుగా అది ఎనిమిదో తరగతి చివర్లోనో, తొమ్మిదిలోనో వస్తుంది. ఎస్టోనియాలోని టార్టు విశ్వవిద్యాలయంలో తయారైన థోనీ అనే ఉచిత ఎడిటర్‌లో (ప్రోగ్రాం రాసి నడిపే సాఫ్ట్‌వేర్‌లో) పైథాన్ కలిసే వస్తుంది. ఒక్కో అడుగూ ఆపి ఆపి నడిపి, వేరియబుళ్లు ఎలా మారుతున్నాయో అది చూపిస్తుంది.

మొదటి చిక్కు సమానం గుర్తుతో వస్తుంది. ‘మొత్తం = మొత్తం + 5’ అన్న వాక్యాన్ని చూసి లెక్కలు బాగా వచ్చిన విద్యార్థి ‘ఇది తప్పు సార్, ఏ సంఖ్యా తనకన్నా 5 ఎక్కువ కాలేదు’ అంటాడు. లెక్కల్లో అతడన్నది నిజమేనని ముందు ఒప్పుకోండి. ఆ తర్వాత, ఇక్కడ ఆ గుర్తు పోలిక కాదని, కుడివైపు లెక్కకట్టి వచ్చిన విలువను ఎడమవైపు పేరులో ఉంచమనే ఆదేశమని చెప్పి, థోనీలో అడుగడుగునా నడిపి చూపండి. పైథాన్ 3లో వేరియబుళ్లకు తెలుగు పేర్లు పెట్టుకోవచ్చు కానీ ఇఫ్, ఫర్, వైల్ వంటి ఆదేశాలు ఇంగ్లీషులోనే ఉంటాయి. పాఠం తెలుగులో చెప్పండి, ఆదేశాలను ఉన్నవి ఉన్నట్టే వాడండి, వాటి స్పెల్లింగ్‌లు గోడ మీద పెద్ద అక్షరాలతో అతికించండి. ఆదేశాలకు మీరు కొత్తగా తెలుగు పేర్లు కట్టించి బట్టీ పట్టిస్తే పిల్లలకు రెండు బరువులవుతాయి.

ఒక పీరియడ్ తెలుగు లిపికే ఇవ్వండి. ‘స్త్రీ’ అన్న మాట పొడవెంతో, పొడవు లెక్కపెట్టి చెప్పే లెన్ ఫంక్షన్‌తో అడిగే ఒక వాక్యం రాసి, ఊహ రాయించండి. ఒక్క అక్షరమే కాబట్టి 1 అని చాలామంది రాస్తారు, కొందరు 3 అంటారు. పైథాన్ 6 అంటుంది. కంప్యూటర్లు అన్ని భాషల లిపులకూ వాడే యూనికోడ్ అనే సంకేతాల పద్ధతిలో ఆ మాట స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘ గుడి అనే ఆరు సంకేతాల వరస. భారతీయ భాషల కోసం చేసిన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు మీద ఆ మాటను టైపు చేయిస్తే ఆరుసార్లే కీ నొక్కాల్సి వస్తుంది, అప్పుడు సంగతి చేతికే అర్థమవుతుంది. తమ పేర్లలో ఎన్ని సంకేతాలున్నాయో ముందు ఊహించి, తర్వాత సరిచూసుకోమనండి. కంప్యూటర్‌కు అక్షరాలంటే ఏమిటన్నది ఇంతకన్నా దగ్గరగా చూపే పాఠం నాకు తెలియదు.

ఆపైన మీ బడి లెక్కలే పాఠాలు. నెల రోజుల మధ్యాహ్న భోజనం సంఖ్యలను లిస్టులో పెట్టి సగటు, గరిష్ఠం, కనిష్ఠం తీయించండి. ఇంటి కరెంటు బిల్లు తెప్పించి, దాని మీద ఉన్న స్లాబుల ప్రకారం మొత్తం కట్టే ప్రోగ్రాం రాయించండి. బిల్లు మీద ఉన్న అంకె ఎలాగూ తెలుసు కాబట్టి ప్రోగ్రాం సరైనదో కాదో విద్యార్థే సరిచూసుకోగలడు. పిల్లలు పరికరాలతో ప్రయోగాలు చేసుకునేందుకు 2016లో మొదలైన కేంద్ర పథకం కింద అటల్ టింకరింగ్ ల్యాబ్ మీ బడిలో ఉంటే, అక్కడి పరికరాలతో ఇవే లూపులతో (రిపీట్ లాంటి ఆదేశాలతో) దీపాలు వెలిగించవచ్చు. లేదని బాధపడనక్కరలేదు.

పరీక్ష ఎలా పెట్టాలి

‘లూప్ అనగానేమి?’ అన్న ప్రశ్నకు బట్టీపట్టినవారంతా మార్కులు తెచ్చుకుంటారు. దానికి బదులు మూడు రకాల ప్రశ్నలు ఇవ్వండి: ఇచ్చిన ప్రోగ్రాం ఏమి ముద్రిస్తుందో రాయడం, కలగాపులగం చేసిన వాక్యాలను సరైన వరసలో పెట్టడం, ఒక తప్పున్న ప్రోగ్రాంలో తప్పును పట్టి సరిచేయడం. వీటికి కంప్యూటర్ అక్కరలేదు, దిద్దడానికి ఎక్కువ సమయం పట్టదు. లిథువేనియాలో 2004లో మొదలైన బెబ్రాస్ పోటీ ప్రశ్నలు ఆలోచనను పరీక్షించడానికి మంచి నమూనాలు; మన దేశంలో కంప్యూటర్ నిపుణుల సంఘమైన ఏసీఎం ఇండియా వారి సీఎస్‌పాఠశాల కార్యక్రమం ద్వారా ఆ పోటీలో పాల్గొనవచ్చు.

ప్రాజెక్టుకు మార్కులిచ్చేటప్పుడు పక్కన కూర్చుని మాట్లాడండి. ఫోన్‌లో చాట్‌జీపీటీ వంటివాటిని అడిగి ప్రోగ్రాం తెచ్చేవారు ఇప్పుడు పల్లెల్లోనూ ఉన్నారు, నిషేధించి ఆపడం మీ చేతిలో లేదు. ఏదో ఒక వాక్యం మీద వేలు పెట్టి ‘ఇది తీసేస్తే ఏమవుతుంది?’ అని అడగండి. ఊహ చెప్పమనండి, తీసి నడపమనండి. ఊహ తప్పినా, ఎందుకు తప్పిందో చెప్పగలిగితే పూర్తి మార్కులు ఇవ్వండి. వివరించలేని ప్రోగ్రాం ఎంత అందంగా నడిచినా లెక్కలోకి తీసుకోకండి. ఈ నియమాన్ని ఏడాది మొదటి రోజే, తల్లిదండ్రుల సమావేశంలో కూడా చెప్పి ఉంచడం మంచిది.

ఏడాది చివర్లో ఫోల్డర్లు తుడిచేయకండి. తప్పులున్న 43 చుక్కల, 40 చుక్కల ఫైళ్లతో సహా బాగున్న ప్రోగ్రాంలన్నీ రెండు పెన్‌డ్రైవ్‌లలోకి ఎక్కించి, ఒకటి హెచ్‌ఎం గదిలో, ఒకటి మీ దగ్గర ఉంచండి. చేసిన పిల్లల పేర్లు తీసేసి, వచ్చే ఏడాది ఆరో తరగతికి చదివి ఊహించాల్సిన ప్రోగ్రాంలుగా వాటినే ఇవ్వండి. మీకు బదిలీ అయితే మీ స్థానంలో వచ్చే ఉపాధ్యాయుడికి ఆ పెన్‌డ్రైవ్‌తోపాటు ఏ కంప్యూటర్ పనిచేస్తుందో రాసుకున్న కాగితం కూడా అప్పగించండి.